వర్జీనియాలో కౌంటీ సరిహద్దు దగ్గర ఉండే చరిత్ర బోర్డులు ఎవరైనా ఆగి చదువుతున్నారా?

పాతదారి:
వర్జీనియాలో ఉంటున్న మనవాళ్ళందరినీ అడుగుతున్నాను. ఇంటర్‌స్టేట్ అనే పెద్ద హైవే వదిలేసి పాత రోడ్ల మీద వెళ్తే, ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) అయిపోయి ఇంకో కౌంటీ మొదలయ్యే చోట స్తంభానికి బిగించిన వెండిరంగు బోర్డు కనపడుతుంది. అల్యూమినియం పోత, నల్ల అక్షరాలు, పైన రాష్ట్ర ముద్ర. రెండు వైపులా రాత వేరు. మీరు ఏ కౌంటీలోకి వెళ్తుంటే ఆ కౌంటీ సంగతి మీకు ఎదురుగా ఉంటుంది. విస్తీర్ణం ఇన్ని చదరపు మైళ్ళు, ఫలానా ఏడాది ఫలానా కౌంటీ నుంచి విడదీశారు, ఫలానా దొర పేరు పెట్టారు, ఫలానా పెద్దమనిషి ఇక్కడే పుట్టాడు. అంతే, నాలుగైదు వాక్యాలు.

ఈ బోర్డులు పెట్టడం 1927లో మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే ఇలాంటి పథకాల్లో దేశం మొత్తం మీద బాగా పాతవాటిలో ఇదొకటి. మొదటివి రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ నుంచి ఉత్తరంగా పోయే రూట్ 1 మీద పెట్టారు, ఇప్పుడు రాష్ట్రమంతా కలిపి 2,600 పైనే ఉన్నాయి. ప్రతిదానికీ ఒక అక్షరం, ఒక అంకె ఇచ్చారు, రూట్ 1 మీద ఉన్నవాటికి ఇ, సరిహద్దు బోర్డులకి జెడ్. కారు ఆపే తీరిక లేనివాళ్ళు ఆ కోడ్ గుర్తుపెట్టుకుని పుస్తకంలో చూసుకునేలా ఏర్పాటు చేశారు. 1920ల నాటి వాళ్ళకి ఆ ఆలోచన రావడం నాకు భలే నచ్చింది.

నాకు ఈ జెడ్ బోర్డుల మీద చాలా ఇష్టం, ఆ ఇష్టంతోనే ఒక బాధ కూడా ఉంది. గీత ఎవరు గీశారో, ఎవరి పేరు పెట్టారో ఇవి చెప్తాయి. గీత గీసేనాటికి ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారో చాలావాటిలో కనపడదు. మీరు రోజూ ఏ బోర్డు దాటుతున్నారు, అందులో ఏముంది, ఏం లేదు, రాయండి.

సౌత్‌రైడింగ్_సుధ:
మేము ఉండేది లౌడన్‌లో, మావారి ఆఫీసు ఫెయిర్‌ఫాక్స్‌లో, అంటే మా ఇంట్లో రోజూ దాటే సరిహద్దు అదే. లౌడన్‌ని 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి విడదీశారు. లౌడన్ ప్రభువు అప్పట్లో అమెరికాలో బ్రిటిష్ సేనలకి అధిపతి, వర్జీనియాకి పేరుకి గవర్నరు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియని సంగతి ఏంటంటే ఆ గీత మొదట ఇప్పుడున్న చోట లేదు. 1757లో డిఫికల్ట్ రన్ అనే వాగు సరిహద్దుగా ఉండేది, 1798లో దాన్ని పడమటికి జరిపి షుగర్‌ల్యాండ్ రన్ దగ్గరికి తెచ్చారు. అంటే ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్న రెస్టన్‌లో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళ నేల నలభై ఏళ్ళ పాటు లౌడన్‌దే. మా పాపకి చెప్తే, "అయితే అక్కడి వాళ్ళు ఇల్లు మారకుండానే కౌంటీ మారారా" అని అడిగింది. అవును, అదే జరిగింది.

ఇంకోటి. మనం ఇండియా నుంచి దిగే డల్లెస్ ఎయిర్‌పోర్టు స్థలం కూడా రెండు కౌంటీల్లోనూ పరుచుకుని ఉంది.

మ్యాప్_పిచ్చి:
సుధ గారూ, డిఫికల్ట్ రన్ సంగతి చెప్పి మంచి పని చేశారు. అసలు ఈ కౌంటీలు ఇన్ని ముక్కలు ఎందుకయ్యాయో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి బోర్డు మీదా ఆ "ఫలానా కౌంటీ నుంచి" అనే మాట ఉంటుంది కానీ కారణం ఉండదు.

కారణం కోర్టు. ఆ రోజుల్లో భూమి రిజిస్ట్రేషన్, వీలునామా, అప్పు దావా, పన్ను, రోడ్డు వేయించడం, అన్నీ కౌంటీ కోర్టులోనే. నెలకోసారి కోర్టు రోజు వచ్చేది, జనం గుర్రాల మీద వెళ్ళేవారు. తూర్పు తీరం నుంచి జనం పడమర కొండల వైపు జరిగేకొద్దీ కోర్టు దూరమైపోయేది, మధ్యలో వంతెన లేని నదులు. దాంతో మాకు వేరే కౌంటీ కావాలని అర్జీలు పెట్టుకునేవారు, అసెంబ్లీ చట్టం చేసి కోసేది. అందుకే ఇది కొమ్మలు వేసిన చెట్టులా ఉంటుంది. స్పాట్సిల్వేనియా నుంచి 1734లో ఆరెంజ్, ఆరెంజ్ నుంచి 1749లో కల్‌పెపర్, కల్‌పెపర్ నుంచి 1792లో మ్యాడిసన్, మళ్ళీ 1833లో అదే కల్‌పెపర్ నుంచి రాపహానక్. ఇంకోవైపు గూచ్‌లాండ్ నుంచి 1744లో అల్బెమార్ల్, దాని నుంచి 1761లో బకింగ్‌హామ్, ఆమ్‌హర్స్ట్, 1777లో ఫ్లువానా. ఆమ్‌హర్స్ట్ నుంచి 1807లో నెల్సన్. బోర్డులు వరసగా చదువుకుంటూ తూర్పు నుంచి పడమరకి వెళ్తే సంవత్సరాలు పెరుగుతూ కనపడతాయి, జనం కదిలిన దారి అదే.

పాత కౌంటీ రికార్డులు వెతికేవాళ్ళకి ఈ చెట్టు చాలా అవసరం. 1750లో ఒక పొలం కాగితం కావాలంటే ఇప్పటి కౌంటీలో కాదు, తల్లి కౌంటీలో వెతకాలి. అది కూడా ఉంటేనే. హానోవర్ కౌంటీ రికార్డులు భద్రంగా ఉంటాయని సివిల్ వార్‌లో (అమెరికా అంతర్యుద్ధంలో) రిచ్‌మండ్‌కి తరలిస్తే 1865లో ఆ ఊరు కాలినప్పుడు చాలావరకు బూడిదయ్యాయి. బకింగ్‌హామ్ కోర్టు హౌస్ 1869లో కాలిపోయింది, ఆ భవనానికి ప్లాన్ గీసింది అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్.

కొత్తగా_వచ్చా:
అన్నా ఒక డౌట్. నేను షార్లట్స్‌విల్‌లో చదువుతున్నా. మా ఊరు అల్బెమార్ల్ కౌంటీలో ఉంది అనుకున్నా, కానీ బ్యాంకు ఫారంలో కౌంటీ దగ్గర అల్బెమార్ల్ అని రాస్తే తప్పన్నారు. ఇదేంటి?

మ్యాప్_పిచ్చి:
తమ్ముడూ, వర్జీనియాలో సిటీ అంటే కౌంటీలో భాగం కాదు. 95 కౌంటీలు వేరు, 38 ఇండిపెండెంట్ సిటీలు వేరు. షార్లట్స్‌విల్ చుట్టూ అల్బెమార్ల్ ఉంటుంది కానీ ఊరు అందులోది కాదు. అల్బెమార్ల్ కోర్టు హౌస్ మాత్రం షార్లట్స్‌విల్ నడిబొడ్డునే ఉంది. దేశంలో ఇంకో మూడు ఊళ్ళు ఇలా ఉన్నాయి కానీ రాష్ట్రమంతా ఇదే పద్ధతి ఉన్నది ఇక్కడే. ఫారంలో సిటీ పేరే రాయి.

ఫ్రిస్కో_రైతుబిడ్డ:
మాది టెక్సాస్. ఇక్కడ తీరు వేరు. 1936లో టెక్సాస్‌కి మెక్సికో నుంచి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళు నిండిన సందర్భంగా కౌంటీల చరిత్ర చెప్పే బూడిదరంగు గ్రానైటు రాళ్ళు నిలబెట్టారు, రాయి మీద కంచు దండ, మధ్యలో నక్షత్రం. మొత్తం 254 కౌంటీలున్న రాష్ట్రం ఇది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీ, సగం డెంటన్ కౌంటీ. రెండూ 1846లో ఫానిన్ కౌంటీ నుంచి పుట్టినవే. కాలిన్ కౌంటీకి పేరు, దాని ముఖ్య పట్టణం మెకిన్నీకి పేరు, రెండూ ఒకే మనిషివి, కాలిన్ మెకిన్నీ. డెంటన్‌కి పేరు వచ్చిన జాన్ డెంటన్ 1841లో విలేజ్ క్రీక్ దగ్గర ఆదివాసీ పల్లెల మీద దాడికి వెళ్ళిన దళంలో ఉండి చనిపోయాడు. పాతదారి గారు అడిగిన ప్రశ్నకి మా దగ్గరా జవాబు అదే. దాడి చేసినవాడి పేరు ఇవాళ కౌంటీకి ఉంది, దాడికి గురైన పల్లెల పేర్లు మా రోడ్ల మీద నేనైతే చూడలేదు.

బడిపంతులు:
నేను ఇక్కడ హైస్కూల్‌లో సోషల్ చెప్తాను. ఈ చర్చలో ఒక సంగతి కచ్చితంగా ఉండాలి కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా.

ఆమ్‌హర్స్ట్ కౌంటీ చూడండి. సర్ జెఫరీ ఆమ్‌హర్స్ట్ పేరు మీద పెట్టారు. ఈయన బ్రిటిష్ సేనాధిపతి, లౌడన్ తర్వాత వర్జీనియాకి పేరుకి గవర్నరు. 1763లో ఆదివాసీల మీద యుద్ధం జరుగుతున్నప్పుడు, వాళ్ళకి మశూచి అంటించే ఉపాయం ఏదైనా చూడమని తన కింది అధికారికి ఉత్తరాల్లో రాసిన మనిషి. ఆ ఉత్తరాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఇప్పుడు రెండో ముక్క. మొనాకన్ జాతి ప్రజల కేంద్రం బేర్ మౌంటెన్, అది ఉన్నది ఈ ఆమ్‌హర్స్ట్ కౌంటీలోనే. ఆదివాసీలని రోగంతో తుడిచేద్దామన్నవాడి పేరున్న కౌంటీలో ఆదివాసీలు తరతరాలుగా బతుకుతున్నారు.

మూడో ముక్క ఇంకా దారుణం. బోర్డుల పథకం 1927లో వచ్చింది కదా, దానికి మూడేళ్ళ ముందు, 1924లో, వర్జీనియా రేషియల్ ఇంటెగ్రిటీ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. పుట్టిన ప్రతి మనిషినీ తెల్లవాడా, కాదా అని రెండే గళ్ళలో రాయాలి. అప్పటి జనన మరణాల రిజిస్ట్రార్ వాల్టర్ ప్లెకర్ ఈ పని మీద పంతం పట్టి, మేము ఇండియన్లం (అంటే ఇక్కడి ఆదివాసులం) అని చెప్పుకున్న కుటుంబాల కాగితాలు కూడా మార్పించాడు. అంటే రాష్ట్రం ఒక చేత్తో రోడ్ల పక్కన చరిత్ర రాయిస్తూనే ఇంకో చేత్తో ఒక జాతి పేరునే రికార్డుల్లోంచి కొట్టేసింది. 1960ల దాకా మొనాకన్ పిల్లలకి ఊళ్ళో ప్రభుత్వ బడిలో చోటు లేదు, బేర్ మౌంటెన్ దగ్గర చర్చి వాళ్ళు నడిపిన చిన్న స్కూలే దిక్కు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళని ఒక జాతిగా గుర్తించింది 2018లో. కాగితాలు చెడగొట్టేశారు కాబట్టే నిరూపించుకోవడానికి అంత కాలం పట్టింది. ఆ 1924 చట్టంలోనే తెల్లవాళ్ళు ఇతరులని పెళ్ళి చేసుకోకూడదన్న నిషేధం ఉంది, 1967లో లవింగ్ దంపతుల కేసులో సుప్రీం కోర్టు కొట్టేసింది అదే. కెరొలైన్ కౌంటీ వాళ్ళు ఆ దంపతులు.

అందుకని ఆ బోర్డు చదివేటప్పుడు ఏ కాలంలో రాశారో కూడా చూడండి. ఆనాటి గవర్నర్ హ్యారీ బర్డ్. తర్వాత సెనేటర్ అయ్యాక 1950లలో నల్లపిల్లలని తెల్లవాళ్ళ బడుల్లో చేర్చుకోకుండా రాష్ట్రాన్ని ఎదురు తిప్పింది ఆయనే.

సౌత్‌రైడింగ్_సుధ:
పంతులు గారూ చదువుతుంటే మనసు అదోలా అయిపోయింది. లౌడన్‌లో రూట్ 7కి హ్యారీ బర్డ్ హైవే అని ఉన్న పేరు ఈమధ్యే తీసేసి లీస్‌బర్గ్ పైక్ అని పెట్టారు, రూట్ 50కి కూడా పేరు మార్చారు. అప్పుడు ఎందుకింత ఖర్చు అనుకున్నవాళ్ళు మా వాట్సాప్ గ్రూపులో చాలామంది. ఈ పోస్టు అక్కడ పెడతాను.

నిర్మొహమాటం:
నేను కాస్త అడ్డం వస్తాను, ఏమీ అనుకోవద్దు. పంతులు గారు చెప్పిన సంగతులన్నీ నిజమే. కానీ పాత బోర్డు పీకేసి కొత్త రాత రాయడం నాకు ఇష్టం లేదు. 1927 నాటి బోర్డు 1927 నాటి మనుషుల మనసుకి సాక్ష్యం. పాత బోర్డు ఉంచి పక్కన ఇంకోటి పెట్టాలి. రెండూ చదివినవాడికి ఏది రాశారు, ఏది వదిలేశారు అన్నది తెలుస్తుంది. ఒకటే ఉంటే, అది ఎంత మంచిదైనా, మళ్ళీ ఒక కాలం వాళ్ళ మాటే అవుతుంది.

ఇంకో మాట, అల్బెమార్ల్ ప్రభువు 1737 నుంచి 1754 దాకా వర్జీనియా గవర్నరు, ఒక్కసారి కూడా వర్జీనియాలో అడుగు పెట్టలేదు. లండన్‌లో జీతం, ఇక్కడ డిప్యూటీ. లూయిసా కౌంటీకి పేరు ఇచ్చిన రాజకుమారి 1742లో ఆ కౌంటీ పుట్టేనాటికి ఇంకా డెన్మార్క్ రాణి కూడా కాలేదు, పెళ్ళి 1743లో. ఇలాంటి పేర్లు ఎందుకు పెట్టారో ఆ పాత బోర్డులే మనకి చెప్తున్నాయి. రాజుగారి దయ కావాలి, చట్టం గట్టెక్కాలి, అందుకని రాజుగారి బంధువుల పేర్లు.

పాతదారి:
నిర్మొహమాటం గారూ, పీకేయమని నేనూ అనను. అచ్చంగా తప్పు ఉంటే సరిచేయాలి, మిగతావి ఉంచాలి, కొత్తవి పెట్టాలి. కానీ ఒక తేడా ఉంది. పక్కన పెట్టే బోర్డు కూడా సరిహద్దు దగ్గరే ఉండాలి. మామూలుగా ఏమవుతుందంటే కొత్త విషయం ఎక్కడో లోపల చర్చి దగ్గరో, బడి దగ్గరో పెడతారు, అక్కడికి ఆ పని మీద వెళ్ళినవాళ్ళే చూస్తారు. కౌంటీలోకి అడుగు పెట్టే ప్రతివాడికీ ఎదురయ్యేది మాత్రం జెడ్ బోర్డే. అల్బెమార్ల్ అనగానే జెఫర్సన్, పడమటి తీరం దాకా దారి చూసి వచ్చిన మెరివెదర్ లూయిస్, స్వాతంత్ర్య యుద్ధపు సేనాని జార్జ్ రోజర్స్ క్లార్క్ పుట్టిన నేల అంటాం. నిజమే. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడన్నది కూడా ఆ కౌంటీ సంగతే కదా. అది ఆయన ఇల్లు మాంటిసెల్లో చూడ్డానికి టికెట్ కొన్నవాళ్ళకి చెప్తున్నారు, బాగా చెప్తున్నారు కూడా. దారిన పోయేవాడికి కూడా ఒక్క వాక్యంలో తెలియాలి అంటాను.

కృష్ణాతీరం:
నేను విజయవాడ నుంచి. వర్జీనియా చూడలేదు కానీ శాసనాలు చదవడం నా వ్యసనం, అందుకని ఇది చదివి ఊరుకోలేకపోయాను. మన తూర్పు చాళుక్యుల రాగి రేకుల్లో చాలావాటిలో రాజు వంశం, పొగడ్తలు, దానం అంతా సంస్కృతంలో నడుస్తుంది, ఊరి ఎల్లలు చెప్పే చోటికి వచ్చేసరికి తెలుగులోకి దిగుతారు. తూర్పున ఫలానా చెరువు, దక్షిణాన పుట్ట, పడమట చింత, ఉత్తరాన ఫలానా ఊరి పొలిమేర, ఆ తీరులో. ఎందుకంటే తగవు వస్తే ఆ ఎల్ల చూపించాల్సింది ఊళ్ళో రైతు. రాజు పొగడ్త వాడికి అర్థం కాకపోయినా పర్లేదు, పుట్ట ఎక్కడుందో మాత్రం అర్థం కావాలి. మీరు చెప్పిన బోర్డుల్లో చదరపు మైళ్ళు ఉన్నాయి, ప్రభువు పేరు ఉంది. ఎల్ల ఏ వాగు వెంట పోతుందో రాశారా? సుధ గారు చెప్పిన ఆ వాగు పేరు అక్కడ ఉంటే దారిన పోయేవాడు వంతెన మీద తల తిప్పి చూస్తాడు.

మ్యాప్_పిచ్చి:
కృష్ణాతీరం గారూ, దండం. నేను చదివిన జెడ్ బోర్డుల్లో అలాంటిది లేదు. వాగు పేరు వంతెన దగ్గర వేరే చిన్న ఆకుపచ్చ బోర్డు మీద ఉంటుంది, అదే సరిహద్దు అని మాత్రం ఎవరూ చెప్పరు.

కొత్తగా_వచ్చా:
సరే, కొత్త బోర్డు పెట్టాలంటే ఎవరిని అడగాలి? మనం అడగొచ్చా, సిటిజన్ అయ్యుండాలా?

బడిపంతులు:
నువ్వైనా అడగొచ్చు తమ్ముడూ. రాష్ట్రంలో డిపార్ట్‌మెంట్ ఆఫ్ హిస్టారిక్ రిసోర్సెస్ అని ఉంది, వాళ్ళకి దరఖాస్తు పెట్టాలి. రాత సుమారు 100 మాటల్లో ఉండాలి, ప్రతి మాటకీ ఆధారం చూపించాలి. వాళ్ళ చరిత్రకారులు గట్టిగా సరిచూస్తారు, తర్వాత ఆ శాఖ మండలి సభ్యులు ఆమోదించాలి. 1976 నుంచి కొత్తవాటికి రాష్ట్రం డబ్బు పెట్టడం మానేసింది, ఖర్చు అడిగినవాళ్ళదే. పోత పోసేది ఒహాయోలో మారియెట్టా అనే ఊళ్ళో సెవా స్టూడియోస్. పేరు చూసి మన సేవ అనుకోకండి, పెట్టినాయన ఇంటిపేరు హాస్ (Hawes), ఆ ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి (Sewah) పెట్టుకున్నాడు. బోర్డులు మొదలైన 1927లోనే ఆ కంపెనీ కూడా మొదలైంది.

విషయానికి కనీసం యాభై ఏళ్ళ పాతదనం ఉండాలని నియమం. కాబట్టి ఆష్‌బర్న్‌లో మన తెలుగువాళ్ళ గురించి ఇప్పుడే పెట్టమంటే కుదరదు, ఇంకా టైం ఉంది. కానీ 2020లో నల్లజాతి చరిత్ర నెల సందర్భంగా స్కూలు పిల్లల చేతే కొత్త బోర్డులకి విషయాలు సూచించమని పోటీ పెట్టారు, తర్వాత ఆసియా వాళ్ళ చరిత్రకీ అలాగే చేశారు. ఉత్తర వర్జీనియాకి వచ్చిన వియత్నాం శరణార్థుల మీద, యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో 1900లో డిగ్రీ తీసుకున్న చైనా విద్యార్థి యెన్ మీద బోర్డులు అలా వచ్చినవే. పిల్లలు అడిగారు, వచ్చాయి.

గోదారి_గట్టు:
యాభై ఏళ్ళు కావాలంటే మన దేశం వాళ్ళది 1635 నాటిదే ఉంది కదా. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళు మొదట స్థిరపడిన జేమ్స్‌టౌన్ కాలం నాటి భూముల కాగితాల్లో, జార్జ్ మెనెఫీ అనే ఆసామి తెచ్చిన పనివాళ్ళ జాబితాలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒక పేరు ఉంది. అప్పటికి ఇంగ్లీషు వాళ్ళ కంపెనీకి మచిలీపట్నంలో 1611 నుంచే మకాం ఉంది. మనవాడే అయ్యుంటాడు!

నిర్మొహమాటం:
అయ్యుంటాడు అన్న మాట బోర్డు మీద పోత పోయలేరు. మచిలీపట్నం నుంచి ఓడలు వెళ్ళాయి కాబట్టి టోనీ తెలుగువాడు అనేస్తే, మనం తప్పుపడుతున్న ఆ పాత రాతల పనే మనమూ చేసినట్టు. ఉన్నది ఒక మాట, ఈస్ట్ ఇండియన్. అంతవరకే రాసినా అది చాలా పెద్ద సంగతి. 1635లో, లౌడన్ కౌంటీ పుట్టడానికి నూట ఇరవై ఏళ్ళ ముందు, మన దేశం మనిషి ఒకడు ఇక్కడికి వచ్చాడు. వాడిని చూపించి యజమాని భూమి సంపాదించుకున్నాడు. తలకి యాభై ఎకరాలు, అదీ అప్పటి పద్ధతి.

గోదారి_గట్టు:
ఒప్పుకుంటున్నా అన్నా. తలకి యాభై ఎకరాలు అన్న మాటే బోర్డు మీద ఉండాలి.

సౌత్‌రైడింగ్_సుధ:
పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఈ బోర్డులు కొన్ని వంపుల్లో ఉంటాయి, ఆపుకునే చోటు ఉండదు. గడ్డి మీదికి దింపి హజార్డ్ లైట్లు వేసి రోడ్డు పక్క నిలబడి ఫోటో తీయడం ప్రమాదం, వెనక ట్రక్కులు వస్తాయి. హిస్టారికల్ మార్కర్ డేటాబేస్ అనే వెబ్‌సైట్ ఉంది, జనం స్వయంగా ఫోటోలు తీసి, రాత ఎక్కించి, మ్యాపులో గుర్తు పెడతారు. ముందు అందులో చూసుకుని, పక్కన ఖాళీ ఉన్నచోటే ఆగండి.

పాతదారి:
మంచి మాట సుధ గారూ. నేను అనుకుంటున్నది ఇది. మన తెలుగు బడి పిల్లలు ఉన్నారు కదా, పెద్దపిల్లలకి ఒక్కొక్కరికి ఒక సరిహద్దు ఇద్దాం. బోర్డు మీద ఉన్నది తెలుగులో రాయాలి, దాని కింద అందులో లేనిది ఒకటి ఆధారంతో రాయాలి, వాగు పేరు, అక్కడి ఆదివాసులు, ఆ పొలాల్లో పనిచేసినవాళ్ళు, ఏదైనా. బాగా నిలిచినవి పంతులు గారు చూసి దరఖాస్తుకి పనికొస్తాయో లేదో చెప్తారు. ఖర్చు సంగతి తర్వాత, చందాలు మనవాళ్ళకి కొత్త కాదు. నేను లూయిసా తీసుకుంటా. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు పాట్రిక్ హెన్రీ 1765లో బ్రిటన్ పన్ను వేసిన స్టాంప్ చట్టం మీద తిరగబడింది అసెంబ్లీలో ఆ కౌంటీ సభ్యుడిగానే, 1864 జూన్‌లో ట్రెవిలియన్ స్టేషన్ దగ్గర సివిల్ వార్‌లో పూర్తిగా గుర్రపుదళాలే తలపడిన యుద్ధాల్లో అతి పెద్దది జరిగింది అక్కడే. ఈ రెండూ అందరూ చెప్పేవే. మూడోది వెతకాలి.

కొత్తగా_వచ్చా:
నాకు ఆమ్‌హర్స్ట్ ఇవ్వండి. మా రూమ్మేట్‌కి కారుంది.

బడిపంతులు:
తీసుకో. షార్లట్స్‌విల్ నుంచి రూట్ 29 పట్టుకుని దక్షిణంగా వెళ్తే నెల్సన్ దాటాక ఆమ్‌హర్స్ట్ వస్తుంది. బేర్ మౌంటెన్ దగ్గర మొనాకన్ వాళ్ళదే ఒక మ్యూజియం ఉంది, ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కుని వెళ్ళు. అక్కడ వాళ్ళు చెప్పింది విను, రాసుకోవచ్చా అని అడిగి రాసుకో. బోర్డు మీద ఏం ఉండాలో మనకంటే వాళ్ళకి బాగా తెలుసు.